కాళ్లు రాని తోకకప్పలు

1వ రోజు

బడిలో సైన్సు చెప్పే ఇశ్రాయేలు సారు ఈ రోజు పది ఇళ్లకు తలా ఒక తొట్టి, తలా ఒక నోటుబుక్కు ఇచ్చారు. చీటీలు తీస్తే వచ్చిన పది ఇళ్లలో మాదొకటి. తొట్టిలో ఇరవై తోకకప్పలు ఉన్నాయి. నోటుబుక్కు ఖాళీ.

"మొదటిసారి పెంచేవాళ్లు ఏ రోజు ఏం చేశారో రాసుకోవాలమ్మా. ఎక్కడ తప్పు జరిగిందో తర్వాత అదే చెబుతుంది" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నా పేరు స్వరూప. కుజపేట కుట్టుగదిలో పని చేస్తాను. ఇక్కడున్న నాలుగు వందల మందికీ బట్టలు కత్తిరించేది, కుట్టేది, చిరిగితే అతుకు వేసేది నేనే. కూతుర్ని తప్పిస్తే ప్రాణమున్నదాన్ని సాకడం నాకిదే మొదలు. హిమజకు ఎనిమిదేళ్లు. ఇక్కడే పుట్టింది. మనిషి కాకుండా కదిలే ప్రాణిని అది ఇంతవరకు బొమ్మల్లో తప్ప చూడలేదు. తొట్టి మీద వంగి ఊపిరి బిగబట్టి చూసింది.

"అమ్మా, గివి చేపలా?"

"కాదు బిడ్డా. కాళ్లొచ్చి కప్పలైతయట."

"కాళ్లు ఏడికెల్లి వస్తయి?"

నాకు తెలియదు. సారునడిగి చెబుతానన్నాను.

సారు చెప్పిన జాగ్రత్తలు ఇవి. పంపు నీళ్లు పట్టిన వెంటనే పోయకూడదు, చల్లదనం తగ్గేదాకా మూత లేని గిన్నెలో ఒక రోజు ఉంచాలి. రెండు రోజులకోసారి మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి. ఉడికించిన పాలకూర గోరంత ముక్క చాలు. నాలుగైదు వారాలకు వెనక కాళ్లు వస్తాయి, తర్వాత ముందు కాళ్లు. అప్పుడు ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి పెట్టి, తొట్టి మీద వల కట్టాలి. ఈ కుజగ్రహం మీద మన బరువే మూడో వంతు కదా, కప్ప ఒక్క గంతేస్తే పైకప్పుకు తగులుతుందట.

సాయంత్రం మా ఆయన ఓదెలు నీళ్ల ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చాడు. తొట్టి చూశాడు. నీళ్లలో వేలు పెట్టబోయి, ఎందుకో ఆగిపోయాడు.

"ఎన్ని దినాలకు కప్పలైతయట?" అని మాత్రం అడిగాడు.

4వ రోజు

నా తప్పు. చిన్న ప్రాణాలు, ఆకలికి ఉండలేవేమోనని నిన్న గుప్పెడు పాలకూర వేశాను. తెల్లవారేసరికి నీళ్లు మసకబారి కుళ్లు వాసన వచ్చాయి. ఐదు తోకకప్పలు వెల్లకిలా తేలాయి. హిమజ బడికి వెళ్లనని ఏడ్చింది.

సారు వచ్చి, తిట్టకుండా నీళ్లు మార్చారు. "తిండి తక్కువై చచ్చిన తోకకప్పను నేను చూళ్లేదమ్మా. ఎక్కువై చచ్చినవి చాలా చూశా. కొత్తవాళ్లందరూ చేసే పనే ఇది."

పదిహేను మిగిలాయి.

17వ రోజు

చేయి తిరిగింది. ఉదయం చెంచాతో అడుగున మడ్డి తీయడం, పాలకూర ముక్క వేయడం, ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లు గోడ వెంట జారేలా పోయడం. హిమజ ఒక్కోదానికి పేరు పెట్టింది. నాకు అన్నీ ఒకేలా ఉంటాయి.

కుట్టుగదిలో పనితో ఊపిరాడటం లేదు. అందరికీ చలి. స్వెట్టరు లోపల ఇంకో పొర గుడ్డ వేయమని రోజుకు పది మంది వస్తున్నారు. వెచ్చదనం తగ్గించారా అని కరెంటు వాళ్లనడిగితే, పోయినేడాది ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉందని మీటరు చూపించారు. చొక్కాల కాలర్లు బిగుతయ్యాయని, గుండీ కొంచెం జరిపి కుట్టమని ఇంకో పది మంది. కూర్చుని తిని ఒళ్లు చేస్తున్నారని నవ్వుకుంటూ జరుపుతున్నాను.

పిల్లల యూనిఫాంలు మాత్రం ఈసారి నన్ను ఇబ్బంది పెట్టలేదు. అంచులు విప్పి పొడుగు చేయాల్సిన పని పడలేదు. గుడ్డ తక్కువగా ఉందని పిల్లలకు కూడా తెలిసిందేమో అని సారుతో పరాచికమాడాను.

36వ రోజు

ఐదు వారాలు దాటాయి. కాళ్లు రాలేదు.

ఒళ్లు మాత్రం పెరుగుతోంది. వచ్చిన రోజు పెసరగింజంత ఉన్నవి ఇప్పుడు రేగిపండంత ఉన్నాయి. తోకలు పొడుగై తొట్టిలో మలుపు తిరగడానికి కష్టపడుతున్నాయి. వెనక కాళ్లు రావాల్సిన చోట సూదిమొనంత మొటిమ వచ్చి, అక్కడే ఆగిపోయింది.

తొట్టికి వెచ్చదనమిచ్చే దీపం ఇంకొంచెం కిందికి దించమన్నారు సారు. దించాను.

44వ రోజు

దీపం దించినా ఏమీ కాలేదు. పాలకూర బదులు నాచు పొడి వేసి చూశాను. అదీ తిని ఇంకా లావయ్యాయి.

ఓదెలు రోజూ డ్యూటీ దిగి చెప్పులైనా విప్పకుండా అడుగుతున్నాడు, "కాళ్లొచ్చినయా?" అని. హిమజ కంటే ఎక్కువగా అతనే అడుగుతున్నాడు. రాలేదంటే తొట్టి వైపు చూడకుండా లోపలికి పోతాడు. ఈ రోజు విసుగొచ్చి అన్నాను, "వస్తే నీకు చెప్పనా? నీకేంది గంత తొందర?"

"ఏం లే. ఊకెనే" అన్నాడు. అన్నం సగం వదిలేసి లేచాడు.

55వ రోజు

పది ఇళ్లవాళ్లమూ తొట్లు ఎత్తుకుని బడికి వెళ్లాం. బల్లల మీద వరసగా పెట్టాం.

అప్పటిదాకా ఎవరి ఇంట్లో వాళ్లు తమ తప్పే అనుకున్నారు. నేను మొదట్లో తిండి ఎక్కువ పెట్టాను కాబట్టి అనుకున్నాను. ఫాతిమా తను నీళ్లు సరిగా మార్చలేదేమో అనుకుంది. క్యాంటీన్ వెంకటయ్య దీపం దూరమైందనుకున్నాడు. పది తొట్లలో నూట ముప్పై ఆరు తోకకప్పలున్నాయి. ఒక్కదానికి కూడా కాళ్లు లేవు.

ఇశ్రాయేలు సారు ప్రతి తొట్టి దగ్గరా వంగి చూశారు.

"మేం కొత్తోళ్లం సారూ, మాకు చేతగాలే" అంది ఫాతిమా.

"పది మందికీ ఒకే విధంగా చేతకాకపోవడం ఉండదమ్మా" అన్నారాయన. "వీటి తల్లిదండ్రుల్ని రెండేళ్ల కిందట నేనే పెంచాను. పిల్లలు రాని బడి సామాన్ల గదిలో, ఇవే దీపాల కింద, ఇవే పంపు నీళ్లలో. నలభై రోజులకు కప్పలై గదంతా గెంతాయి."

తొట్లు ఇళ్లకు తీసుకుపొమ్మన్నారు.

58వ రోజు

సారు ఒక చిన్న సీసా, ఒక ఖాళీ తొట్టి పట్టుకుని ఇంటికి వచ్చారు. మా పదిహేనింటిలో ఏడింటిని కొత్త తొట్టిలోకి మార్చారు. నీళ్లు అవే, పాలకూర అదే. ఆ ఏడింటికి మాత్రం రోజూ ఉదయం సీసాలోంచి ఒక్క చుక్క వేయమన్నారు.

"ఏం మందు సారూ?"

"అయోడిన్. బడి ప్రయోగాలకు తెచ్చిన సీసాలో అడుగున మిగిలింది. తోకకప్ప గొంతులో ఒక గ్రంథి ఉంటుంది. థైరాయిడ్ అంటారు. కాళ్లు రావాలని, తోక పోవాలని ఒంటికి కబురు చెప్పేది అదే. ఆ గ్రంథికి అయోడిన్ కావాలి. అందకపోతే కబురు పోదు. తింటాయి, లావవుతాయి, తోకకప్పల్లాగే ఉండిపోతాయి."

"మరి రెండేండ్ల కింద అందింది గదా?"

"అదే చూద్దామనే ఈ చుక్క" అన్నారు. ఆయన ముఖం నాకు నచ్చలేదు.

67వ రోజు

కాళ్లొచ్చాయి.

చుక్క వేసిన తొట్టిలో ఏడింటికీ వచ్చాయి. దారం ముక్కల్లాంటి కాళ్లు, చివర విడివిడిగా వేళ్లు. హిమజ గంతులేసి తలను దాదాపు పైకప్పుకు కొట్టుకుంది. పక్క తొట్టిలో ఎనిమిది మాత్రం ఎప్పటిలాగే బరువుగా తిరుగుతున్నాయి.

బడికి పరుగెత్తి సారుకు చెప్పాను. ఆయన సంతోషించలేదు. కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసేశారు.

"మన కింద ఉన్న ఈ ఎర్రమట్టిలో ఒక విషపు ఉప్పు ఉందమ్మా. పెర్‌క్లోరేట్ అంటారు. మంచు తవ్వి కరిగిస్తే నీళ్లలోకి అదీ వస్తుంది. ప్లాంటులో ఫిల్టర్లు దాన్ని పట్టేసుకోవాలి. పట్టకపోతే అది గొంతులోకి చేరి అయోడిన్‌ను లోపలికి రానివ్వదు. ఎదురుగా అయోడిన్ ఎక్కువ పోస్తే కొంత దారి దొరుకుతుంది. నీ ఏడు కప్పలకూ జరిగింది అదే."

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అడిగాను, "సారూ, ఆ గ్రంథి మనుషులకు గూడ ఉంటదా?"

ఆయన తన గొంతు మీద చేయి పెట్టుకున్నారు. పెట్టుకున్న చోట చొక్కా గుండీ తీసి ఉంది. మూడు వారాల కిందట ఆ కాలరు నేనే వదులు చేశాను.

68వ రోజు

కుట్టుగది తలుపు లోపల గడియ పెట్టుకుని కొలతల పుస్తకం తీశాను. ఆరు నెలలకోసారి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి కొలుస్తాను. భూమి మీది నెలల లెక్కే, ఇక్కడి ఏడాది మరీ పొడుగు కదా. కొలిచేటప్పుడు ఒక్కొక్కరి అంకె రాసుకోవడమే తప్ప, వెనక పేజీతో కలిపి చూసే పని ఎప్పుడూ పెట్టుకోలేదు.

అరవై ఒక్క మంది పిల్లలు. మూడేళ్ల కిందటి పేజీలో ఏడాదికి ఐదు సెంటీమీటర్లు, ఆరు, ఒకరిద్దరికి ఏడు పెరుగుదల కనిపించింది. చివరి రెండు కొలతల్లో సున్నా, సున్నా, అర, సున్నా. వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చాను. నలభై నాలుగో వరసలో హిమజ. ఏడాది కిందట నూట పద్దెనిమిది. మొన్నటి కొలత నూట పద్దెనిమిది.

అంచులు విప్పే పని తప్పిందని నేను సంబరపడిన పేజీ అది.

పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చాను. హిమజ ఇంకా బడి నుంచి రాలేదు. ఓదెలు డ్యూటీకి తయారవుతున్నాడు. పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాను. చదవమన్నాను. చదివాడు. అదేమిటని అడగలేదు.

"నీకెర్కనే" అన్నాను.

కింద కూర్చున్నాడు.

"పిల్లల సంగతి తెల్వదు. మన కొడుకు మీద ఒట్టు..." అనబోయి ఆగాడు. మాకు కొడుకు లేడు. హిమజకు ముందు పుట్టినవాడు మూడో రోజే పోయాడు. "ఫిల్టర్ల సంగతి ఎర్కనే. అండ్ల విషం పట్టే గుళికలు సచ్చిపోయి పద్నాలుగు నెలలైంది. భూమి మీదికెల్లి కొత్తవి తెచ్చే ఓడ ఆగమైంది గదా, ఇంకోటి బయలెల్లింది. అది వచ్చేదాక ఎవ్వరికి చెప్పొద్దన్నరు. నీళ్లల్ల విషం ఎంతుందో లెక్కల పుస్తకంల పాత అంకెనే రాయమన్నరు. రాసిన."

"ఎవరన్నరు?"

"పెద్దాఫీసుల. ఆ నీళ్లతోని ఎవ్వలు సావరన్నరు. పెద్దోళ్లకు జర నీరసం, గంతే అన్నరు. నీళ్లు బంద్ పెడితే మూడో దినం అందరం పోతం అన్నరు. నిజమే గదా స్వరూపా? చెప్పు, నేనేం చేద్దును?"

"హిమజకు తాపిచ్చినవ్."

"నేను గూడ తాగిన."

"హిమజకు తాపిచ్చినవ్" అన్నాను మళ్లీ.

అతను ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. పదకొండేళ్లలో అతను ఏడవగా చూసింది కొడుకు పోయిన రోజే. ఇప్పుడు ఏడుస్తుంటే నాకు దగ్గరికి వెళ్లాలనిపించలేదు. గోడకు ఆనుకుని నిలబడి, ఏడుపు ఆగేదాకా చూశాను.

"తోకకప్పలు తెచ్చిన నాడు సారు అంటుంటే విన్న, నీళ్లు మంచిగుంటెనే గివి బతుకుతయి అని. దినాం ఇంటికొచ్చేటప్పుడు అనుకుంటి, ఇయ్యాల కాళ్లొచ్చి ఉంటయి, నేనే ఊకె భయపడుతున్న అని."

69వ రోజు

కొలతల పుస్తకం, రెండు తొట్లు తీసుకుని నేను, ఇశ్రాయేలు సారు ఆసుపత్రికి వెళ్లాం. ఓదెలు వెనకాలే వచ్చాడు. రమ్మని నేను పిలవలేదు.

డాక్టర్ వైదేహి పుస్తకం ఒక్కో పేజీ తిప్పింది. థైరాయిడ్ పరీక్ష చేసే కిట్లు అయిపోయి ఏడాది దాటిందని చెప్పింది. చలి, నీరసం, మలబద్ధకం, గొంతు బొంగురు అని వచ్చినవాళ్లందరికీ విటమిన్లు ఇచ్చి పంపిందట. నన్ను కూర్చోబెట్టి గొంతు తడిమింది. ఓదెలుది తడిమింది. సారుది తడిమింది. చివరికి అద్దం ముందు నిలబడి తన గొంతు తనే తడుముకుంది.

"పెద్దవాళ్లకు పరవాలేదు. మందు పడితే సర్దుకుంటుంది. ఈ పుస్తకంలోని పిల్లలు కూడా ఆలస్యంగా అయినా కొంత ఎత్తు అందుకుంటారు" అంది. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లేచి, మాతో చెప్పకుండా పక్క గదిలోకి వెళ్లింది. మేమూ వెళ్లాం.

అది పసిపిల్లల గది. ఈ ఏడాదిలో పుట్టిన తొమ్మిది మంది ఉయ్యాలల్లో ఉన్నారు. తల్లులు డ్యూటీలకు వెళ్లే వేళ. ఆయా ఒక్కతే కూర్చుని స్వెట్టరు అల్లుకుంటోంది.

"ఎవరైనా ఏడుస్తున్నారా?" అని అడిగింది డాక్టర్.

"ఈళ్లా? బంగారు కొండలండీ" అంది ఆయా. ఆమెది శ్రీకాకుళం వైపు. "పాలు పట్టడానికి కూడా నానే లేపాలి. ఇంత బుద్ధిమంతులైన పిల్లల్ని నానెక్కడా సూడ్నేదు."

డాక్టర్ ఒక పసివాణ్ని ఎత్తుకుంది. అరికాలి మీద గోటితో గట్టిగా గీసింది. వాడు చాలాసేపటికి కాలు కొంచెం ముడుచుకుని, మళ్లీ నిద్రలోకి జారిపోయాడు. ఆమె వాణ్ని అలాగే గుండెకు అదుముకుని నిలబడింది. ఆ ముఖం చూసి ఆయా అల్లిక ఒళ్లో పడేసింది.

"ఏటైందమ్మా?" అని అడిగింది.



71వ రోజు

క్యాంటీన్ హాల్లో అందరినీ పిలిచారు. పెద్దాఫీసు ఆయన లేచి, ఓడ ఇంకా రెండు వందల పది రోజుల దూరంలో ఉందని, అనవసరంగా భయం పుట్టకూడదనే చెప్పలేదని అన్నాడు. ఆయన కంఠం కూడా బొంగురుగా ఉంది. కింద కూర్చున్నవాళ్లు అరవడం మొదలుపెట్టారు.

ఓదెలు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. వెళ్లమని నేను చెప్పలేదు, వద్దనలేదు. పద్నాలుగు నెలలు తప్పుడు అంకె రాసింది తన చెయ్యేనని చెప్పాడు. పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక తల్లి లేచింది. ఆమె పేరు నిర్మల. మంచు తవ్వే యంత్రం నడుపుతుంది.

"నీ బిడ్డకు గూడ గదే నీళ్లు తాపిచ్చినవా?" అని అడిగింది.

"తాపిచ్చిన" అన్నాడు.

"మరి నీకు చెయ్యెట్ల వచ్చింది?"

నిర్మల ఇంకా ఏదో అనబోయి, పిల్లాడి దుప్పటి సర్దుకుని కూర్చుంది. ఒళ్లోని పిల్లాడు అంత గొడవలోనూ నిద్ర లేవలేదు.

అతణ్ని తీసేయాలని కొందరన్నారు. ప్లాంటు నడపడం తెలిసినవాళ్లు కుజపేటలో ముగ్గురే ఉన్నారు. తీసేస్తే మిగిలిన ఇద్దరూ రోజంతా కాచుకోలేరు. గంటసేపు వాదించుకుని, రేపు కూడా డ్యూటీకి వెళ్లమన్నారు. అంకెలు మాత్రం ఇకనుంచి హాలు గోడ మీద రాయమన్నారు.

72వ రోజు

ఉన్న అయోడిన్ అంతా డాక్టర్ బల్ల మీదికి చేరింది. ఆసుపత్రి మాత్రలు, గాయాలకు పూసే మందు, పాత ఉప్పు ప్యాకెట్లు, సారు బడి సీసా. ఓడ వచ్చేదాకా సరిపోయేలా ఆమె లెక్క వేసింది. ముందు పసిపిల్లలు తొమ్మిది మంది. తర్వాత గర్భిణులు నలుగురు. తర్వాత చిన్న పిల్లలు, కింది వయసు నుంచి పైకి. ఏడేళ్లు నిండినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి గీత గీసింది. గీతకు అవతల పద్దెనిమిది మంది పిల్లలున్నారు.

పేర్లు గట్టిగా చదివింది. హిమజ పేరు చదివేటప్పుడు నా వైపు చూడలేదు. గీత కొంచెం జరపమని అడగాలని నోటిదాకా వచ్చింది. నిర్మల నా పక్కనే నిలబడి ఉంది. ఆమె చంకలోని వాడి నాలుక కొంచెం బయటికి వచ్చి ఉంది. అడగలేకపోయాను.

బయటికి వచ్చాక సారు నా పక్కనే నడిచారు. "ఈ పసివాళ్లకు ఇప్పుడు మందు పడితే బాగవుతారా సారూ?" అని అడిగాను.

"ఒళ్లు పెరుగుతుందమ్మా" అన్నారు. కొంత దూరం నడిచాక, "తెలివి ఎదుగుతుందో లేదో డాక్టరమ్మ చెప్పలేనంది" అన్నారు.

73వ రోజు

ఏడు కప్పల తోకలు అరిగిపోయాయి. రాయి పెట్టాను, వల కట్టాను. మిగతా ఎనిమిదింటికి చుక్క వేయడానికి సీసా ఇంట్లో లేదు. వాటికి కూడా వెయ్యమ్మా అని హిమజ పొద్దున ఏడ్చింది. మందు చిన్నపిల్లలకు కావాలని చెప్పాను. తను చిన్నపిల్ల కాదా అని అడిగింది. బడికి ఆలస్యమవుతోందని పంపేశాను.

ఓదెలు డ్యూటీకి వెళ్లాడు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. నేను మిషను మీద నుంచి తలెత్తలేదు. హాలు గోడ మీద ఈ రోజు అంకె రాశారట. అది ఉండాల్సినదానికి నలభై రెట్లు. జనం వచ్చి చూసి, పక్కనే ఉన్న పంపు దగ్గర బిందెలు నింపుకుని పోతున్నారని ఫాతిమా చెప్పింది.

మధ్యాహ్నం హిమజ బడి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆటల పీరియడ్ అట. ముఖమంతా ఎర్రగా ఉంది.

"అమ్మా, దూప."

గ్లాసు తీశాను. పంపు కింద పెట్టాను. సగం నిండగానే ఆపి ఇచ్చాను.

గటగటా తాగి, గ్లాసు మళ్లీ చాపింది.

"ఇంకొన్ని పొయ్యమ్మా."

పోశాను.